అన్నీ నార్మలే

“టీసీ ఇస్తామన్నారా, ఊరికే బెదిరించినారా? సరిగ్గా చెప్పు.”

ధనశేఖర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు. అంగడి తెరిచే వేళ ఎప్పుడో దాటిపోయింది. తిరుచానూరు అమ్మవారి గుడి వీధిలో వాళ్ళది ఇత్తడి సామాన్ల అంగడి. పొద్దున యాత్రికులు దిగే వేళకు షట్టరు లేవకపోతే ఆ బేరమంతా పక్క అంగడికి పోతుంది. అతని విసుగులో సగం దానిదే.

“బెదిరించలేదు, ఇస్తామనీ చెప్పలేదు,” అంది లోకేశ్వరి. “పాపకు ఏమీ లేదని డాక్టరు చేత రాయించుకోని రండి, అంతవరకూ పంపించొద్దండి అన్నారు. మెట్ల మీద పడితే ఎవురు పూచీ అని నన్నే అడిగినారు.”

“ఏమీ లేదనే కదా అందరు డాక్టర్లూ చెప్తా ఉండారు!”

“నోటితో చెప్తారు. రాసియ్యమంటే ఎవురూ రాసియ్యరు.”

నిన్న బడిలో జరిగింది గుర్తుకొస్తేనే లోకేశ్వరికి ఒళ్ళు మండుతోంది. విరామం గంట కొట్టాక పిల్లలంతా మెట్లు దిగుతుంటే మధ్యలో రూపశ్రీ కమ్మీని కరుచుకుని కూలబడి కేకలు పెట్టిందట. వెనకాల వచ్చే ఒకటో తరగతి పిల్ల తట్టుకుని పడి పెదవి చిట్లించుకుంది. శ్రీ సిటీలో ఫోన్లు తయారుచేసే కంపెనీలో లైను మీద ఉన్న లోకేశ్వరి, సూపర్‌వైజరు సునీల్‌కుమార్‌ని బతిమాలుకుని, దొరికిన బస్సెక్కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి రూపశ్రీ ఆఫీసు గదిలో కూర్చుని బిస్కెట్లు తింటోంది.

“ఇప్పుడు చూడండి, ఎంత చక్కగా ఉందో,” అంది హెడ్మిస్ట్రెస్ అనుమానంగా చూస్తూ. ఆ చూపు లోకేశ్వరికి అలవాటైపోయింది. చెవుల డాక్టరు అలాగే చూశాడు. కళ్ళ డాక్టరు అలాగే చూసి, ఎందుకైనా మంచిదని అద్దాలు రాశాడు. తలకు తీసిన స్కానింగు బాగానే ఉందన్న ఇంకో డాక్టరు, ఎందుకైనా మంచిదని ఫిట్స్ మందు మొదలుపెట్టాడు. ఆ మందుతో పిల్ల తరగతిలో కునికిపాట్లు పడుతోంది. కళ్ళు తిరగడం మాత్రం ఆగలేదు.

పంచలో కూర్చుని అనపగింజలు పితుకుతున్న అత్తగారు వసంతమ్మ తలెత్తకుండానే అంది:

“నిన్న కేకలు పెట్టిన బిడ్డ రాత్రి రెండు దోసెలు అడిగి తినింది. రోగమొచ్చిన బిడ్డ అట్ల తింటాదా? అమ్మ ఇంట్లో ఉండాలని యేషాలేస్తా ఉండాది. నువ్వు కంపెనీ బస్సెక్కిన నాటి నుంచే కదా ఇదంతా.”

“అంతకు ముందు నుంచే ఉండాది అత్తా. ఎల్‌కేజీలో ఉన్నప్పుడే నడుస్తా నడుస్తా నిలబడిపోయి నా చీర పట్టుకునేది. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. చెప్తే మీరెవురూ వినలేదు.”

“అప్పుడు పసిబిడ్డ. ఇప్పుడు తెలివొచ్చింది.”

గది గుమ్మంలో కర్టెన్ కదిలింది. రూపశ్రీ అక్కడే నిలబడి ఉంది. నాలుగో తరగతి పిల్ల, సన్నటి ముఖానికి ఆ అద్దాలు పెద్దవై ముక్కు మీదికి జారుతున్నాయి.

“నేను యేషాలెయ్యలేదు అవ్వా.”

“మరి ఏమవతాదే నీకు? చెప్పు,” అన్నాడు ధనశేఖర్ తిరిగి. అరవాలని అనలేదు గానీ గొంతు పెద్దదే. “ఇన్ని ఆస్పత్రులు తిప్పినాము. నీకు ఏమవతాదో నువ్వే చెప్పు.”

పిల్ల తండ్రి ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది. “తెలీదు నాయనా,” అని కర్టెన్ వెనక్కి పోయింది.

“చూసినావా?” అన్నాడతను, గెలిచినట్టు కాదు, ఓడిపోయినట్టే. “దానికే తెలీదు. ఇదే ఆఖరు, లోకా. ఈరోజు డాక్టరు కూడా నార్మలే అంటే నువ్వు ఆ పని మానేసి ఇంట్లో కూసో. బిడ్డ దానంతట అదే బాగైపోతాది.”

“మంగళవారం బిడ్డను తీసకపోయి నాయుడుపేట శాంతయ్య చేత తాయెత్తు కట్టించుకోని వస్తాను,” అంది వసంతమ్మ. “ఈ ఆస్పత్రులకు పెట్టేదానికంటే మేలు.”

“పోదువులే. ముందు ఈమెతో ఆస్పత్రికి పో అమ్మా. ఈమె ఒకటికి రెండు చేసి చెప్తుంది. జరిగింది జరిగినట్టు డాక్టరుకు నువ్వు చెప్పు.”

లోకేశ్వరి ఏదో అనబోయి మింగేసింది. కంపెనీ బస్సు ఈపాటికి శ్రీ సిటీ చేరిపోయి ఉంటుంది. ఈ వారంలో ఇది రెండో సెలవు. మాటలతో ఇంకా పొద్దు పోగొట్టుకునే ఓపిక ఆమెకు లేదు.

* * *

ఆటోలో రూపశ్రీ తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆటో అన్నా బస్సన్నా దానికి భయమే. తిరుపతి బైపాస్ రోడ్డు మీద ఆస్పత్రి వచ్చేవరకూ వసంతమ్మ అటువైపు కొండనే చూస్తూ కూర్చుంది.

పిల్లల నరాల డాక్టరు భానుచందర్ నడివయసు మనిషి. లోకేశ్వరి లావుపాటి ఫైలును బల్ల మీద పెట్టి, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. ఎక్కడెక్కడ చూపించిందీ, ఎవరేమన్నదీ. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“అవన్నీ తర్వాత చదువుతానమ్మా. ముందు పాపతో మాట్లాడనీయండి.”

కుర్చీని పిల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

“రూపశ్రీ, నీకు తిరిగేటప్పుడు ఎవరు తిరుగుతారు? నువ్వా, గదా?”

పిల్ల తల్లి వైపు చూసింది.

“అమ్మను చూడొద్దు. తిరిగింది అమ్మకు కాదు కదా.”

“గది,” అంది రూపశ్రీ మెల్లగా. “గోడలు ఒక పక్కకు పోతాయి. మళ్ళా ఎనక్కొచ్చి మళ్ళా అదే పక్కకు పోతాయి.”

ఆయన పెన్ను ఆగింది. “కళ్ళు మూసుకుంటే?”

“మూసుకున్నా పోతాది. కింద మంచం పోతాది.”

“అప్పుడు అమ్మ పిలిస్తే వినబడుతుందా?”

“వినబడుతుంది. పలికితే వాంతొస్తుంది. అందుకే పలకను.”

“ట్యూబులైటు వెలుగుతుంటే?”

“ఆపమంటాను. బడిలో ఆపరు. అరుపులు కూడా... చెవులు మూసుకుంటాను.”

“తలనొప్పి?”

“లేదు.”

గోడలు ఒక పక్కకే పోతాయని ఈ పిల్ల లోకేశ్వరికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడం కాదు. ‘ఏమయింది, ఏమయింది’ అని అడిగిందే తప్ప, తను ఎన్నడూ ఇలా అడగలేదు.

“సార్,” అంది వసంతమ్మ. కొడుకు అప్పజెప్పిన పని మరిచిపోలేదు. “గంట సేపు పడుకోని లేస్తే ఏమీ జరగనట్టే ఆడుకుంటాది. తింటాది. అది కూడా రాసుకోండి.”

“రాసుకున్నానమ్మా. చాలా ముఖ్యమైన సంగతి చెప్పారు,” అన్నాడాయన. తన మాటకు అంత విలువ వస్తుందనుకోని వసంతమ్మ తడబడింది.

ఆ తర్వాత పరీక్షలు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిపించాడు. కళ్ళు మూయించి ఉన్నచోటే కవాతు చేయించాడు. తలను ఉన్నట్టుండి పక్కకు తిప్పి చూశాడు. బల్ల మీద పడుకోబెట్టి తల అంచు కిందికి వాల్చి కళ్ళలోకి చాలాసేపు చూశాడు. వేలు కదిలిస్తూ దాన్నే చూడమన్నాడు. పిల్ల అన్నీ చేసింది, ఒక్కచోట కూడా తూలలేదు.

“ఇప్పుడైతే అంతా నార్మలే,” అన్నాడు.

లోకేశ్వరి లేచి నిలబడింది.

“ఆ మాట అనొద్దు సార్.” తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “మీకు దండం పెడతాను, ఆ ఒక్క మాట అనొద్దండి. నార్మల్ నార్మల్ అని విని విని నా చెవులు పోయినాయి. అన్నీ నార్మలైతే నా బిడ్డ గోడ పట్టుకోని ఎందుకు ఏడస్తాది? నార్మల్ అన్న ప్రతిసారీ ఇంటికి పోయినాక దాన్నే దొంగను చేస్తా ఉండారు. దాన్నీ నన్నూ.”

వసంతమ్మ చీర కొంగు సర్దుకుని నేల చూసింది.

“కూర్చోండమ్మా,” అన్నాడాయన, కోపం లేకుండానే. “నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. ఇది వచ్చిపోయే జబ్బు. పోయిన తర్వాత స్కానింగులో వెదికినా, రక్తంలో వెదికినా ఏమీ దొరకదు. ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా పార్శ్వపు నొప్పి ఉందా? ఒక పక్క తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, వాంతులు?”

“నాకు లేదు సార్. మా పుట్టింట్లో కూడా ఎవురికీ లేదు.”

“మీ భర్త వైపు?”

“మా ఇంట్లో అట్లాంటి రోగాలు లేవు,” అంది వసంతమ్మ చటుక్కున.

లోకేశ్వరి అత్తగారి వైపు చూసింది. కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసిన సంగతి అది. అత్తగారు ఉన్నట్టుండి గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. పూటంతా బయటికి రాదు. అన్నం ముట్టదు. ఇంట్లో గరిటె కింద పడినా లోపలి నుంచి తిడుతుంది. ‘మీ అత్త అలిగింది, కదిలించొద్దు’ అని మామగారు ఉన్నన్నాళ్ళూ నవ్వుతూ చెప్పేవాడు. ఎవరి మీద అలిగిందో ఎవరికీ తెలిసేది కాదు. లోకేశ్వరి తన వంటలోనే తప్పులు వెదుక్కునేది.

“అత్తా,” అంది. “మీరు తలకు తడిగుడ్డ కట్టుకోని, కిటికీ మూసేసుకోని...”

“అది పైత్యం!”

“వాంతులవుతాయా అమ్మా?” అడిగాడు భానుచందర్. “అప్పుడు గది తిరిగినట్టు ఉంటుందా?”

వసంతమ్మ చెప్పులు వెదుక్కుంటూ లేచింది. “ఈడ గాలాడలేదు. నేను బయట కూసోనుంటా,” అని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు ఆ తలుపు వైపు ఒక క్షణం చూసి, ఇటు తిరిగాడు.

“నా అనుమానం చెప్తాను. ఇది మైగ్రేనులో ఒక రకం. పెద్దవాళ్ళకు తలనొప్పిగా వస్తుంది. పిల్లల్లో కొందరికి నొప్పి లేకుండా తిరగడమే వస్తుంది. ఎక్కువగా కుటుంబంలో ఎవరికో ఒకరికి ఉంటుంది. పాపకు తిరిగేటప్పుడు కూడా తెలివి ఉంది, మీ మాట వినబడుతోంది. అందుకే ఫిట్స్ అని నేననుకోను.”

“అయితే ఇదేనా సార్? తేలిపోయినట్టేనా?”

“అనుమానం అన్నానమ్మా. చెవి వినికిడి పరీక్ష చేయించండి, చెవి లోపం లేదని తేల్చుకుందాం. ఇంకొకటి కావాలి నాకు. వచ్చినప్పుడు పాప కళ్ళను ఫోన్లో వీడియో తీయండి. దగ్గరగా, కళ్ళు తెరిపించి. కళ్ళు ఎటు కదులుతున్నాయో చూస్తే నాకు సగం తెలిసిపోతుంది.”

“ఆ ఫిట్స్ మందు ఆపేయమంటారా?”

“ఒక్కసారిగా ఆపొద్దు. ఆ డాక్టరుతో నేనే మాట్లాడి మెల్లగా తగ్గిద్దాం. పాపను వేళకు తిననివ్వండి, వేళకు పడుకోనివ్వండి.”

“బడికి ఏమీ లేదని రాసిస్తారా?”

“ఉన్నదాన్ని లేదని ఎట్లా రాసేది? వీడియో చూసి, ఏముందో అదే రాసిస్తాను.”

“అంటే మళ్ళీ రావాలని కాసుకోని కూసోవాలా సార్? నా బిడ్డకు ఎప్పుడెప్పుడు తిరుగుతుందా అని?”

భానుచందర్ దాచలేదు. “అవునమ్మా. అంతే.”

* * *

వినికిడి పరీక్ష బాగానే వచ్చింది. ఇంకో నార్మల్ కాగితం ఫైల్లో చేరింది. పిల్లకు మజ్జిగ ప్యాకెట్టు కొనిచ్చి లోకేశ్వరి వరండా చివర బల్ల దగ్గరికి వచ్చింది. వసంతమ్మ అక్కడ ఒక్కతే కూర్చుని ఉంది.

రూపశ్రీ కాస్త దూరంలో గోడకు అంటించిన బొమ్మలు చూస్తూ మజ్జిగ పీలుస్తోంది.

వసంతమ్మ ముడి కింద చెయ్యి పెట్టి జుట్టు పక్కకు తీసింది. చెవి వెనక, ఎముక మీద, పాత మచ్చ. ముడతలు పడి మెరుస్తూ ఉంది.

“ఇదేంది అత్తా?”

“వాత. నాకు ఈ బిడ్డంత వయసప్పుడు. చెనిక్కాయలు వలస్తా వలస్తా కూలబడిపోయినాను. గాలి సోకిందన్నారు. మా నాయన నా కాళ్ళు పట్టుకున్నాడు, మా చిన్నాయన తల పట్టుకున్నాడు. కొడవలి కాల్చి పెట్టినారు.”

లోకేశ్వరి చెయ్యి తెలియకుండానే తన చెవి వెనక్కి పోయింది.

“తగ్గిందా?”

“యాడ తగ్గేది? నేను చెప్పేది మానేసినాను. చెప్పకుంటే పెట్టరు కదా. తిరిగినప్పుడంతా యాడో ఒక మూల పోయి కూసోనుండేదాన్ని. పెద్దయినాక తిరిగేది తగ్గి నొప్పి పట్టుకునింది.”

జాలి పడాల్సిన చోట లోకేశ్వరికి మొదట కోపమే వచ్చింది. తర్వాత కూడా కోపమే మిగిలింది.

“ఇంత తెలిసీ దాన్ని యేషాలేస్తా ఉండాదని అన్నారా? మంగళవారం శాంతయ్య దగ్గరికి తీసకపోతానంటిరే?”

“శాంతయ్య వాతలు పెట్టడు. తాయెత్తే.”

“అది కాదు నేనడిగేది.”

వసంతమ్మ గోడ వైపు చూసింది. “యేషాలైతేనే మేలనుకున్నాను. నిజమైతే నా నుంచి వచ్చిందే కదా. మొదటిసారి అది నీ చీర పట్టుకోని నిలబడినప్పుడే నాకు తెలిసిపోయింది.” కొంచెం ఆగి, కోడలి మణికట్టు పట్టుకుంది. “శేఖరుకు చెప్పొద్దు. నీకు పుణ్యముంటాది. ఈ వయసులో నా కొడుకు ముందర నన్ను రోగిష్టిదాన్ని చేయొద్దు.”

“నేను చెప్పకుంటే నా కూతురు అబద్ధాలకోరు అవుతుంది అత్తా. మీకు ఏది కావాలో మీరే చెప్పండి.”

ఆ చెయ్యి మెల్లగా జారిపోయింది.

* * *

ధనశేఖర్ భోజనానికి వచ్చి కూర్చుని ఉన్నాడు. వీళ్ళు చెప్పులు విడవకముందే అడిగాడు.

“ఏమన్నాడు? నార్మలేనా?”

వసంతమ్మ అతన్ని దాటుకుని నేరుగా వంటింట్లోకి పోయింది. లోకేశ్వరి పిల్లను గదిలో పడుకోమని పంపి, చెప్పింది. మైగ్రేనులో ఒక రకమట. పిల్లలకు నొప్పి లేకుండా వస్తుందట. వంశంలో ఉంటుందట. ఆ చివరి మాట దగ్గర వంటింటి వైపు చూసింది. లోపల నుంచి అలికిడి లేదు.

“నొప్పి లేని తలనొప్పా?” అన్నాడు ధనశేఖర్. “ఇదేంది కొత్తగా? మా వంశంలో ఎవురికుండాది? ఖచ్చితంగా ఇదే అన్నాడా?”

“అనుమానం అన్నాడు.”

“అనుమానమే కదా! ఒకాయన చెవి అన్నాడు, ఒకాయన ఫిట్స్ అన్నాడు, ఈయన తలనొప్పి అన్నాడు. రేపు ఇంకొకాయన ఇంకొకటి అంటాడు. ఇది తెగేది కాదు లోకా. నేను సునీల్‌కుమార్‌కు ఫోన్ చేసి చెప్పేసినాను.”

లోకేశ్వరికి ముందు అర్థం కాలేదు. “ఏమని?”

“రేపటి నుంచి నువ్వు రావని.”

లోకేశ్వరి చేతిలోని ఫైలును కింద పెట్టింది.

“నన్నడక్కుండానా?”

“నిన్నడిగితే సరేనంటావా?”

“అనను. అందుకే అడగలేదు మీరు.” ఆమె గొంతు లేచింది. “నా పని అది. తెల్లారకముందే లేచి, మీకు వండిపెట్టి, చీకట్లో బస్సెక్కి పోతా ఉండానే, అది మీరు ఒక ఫోన్‌తో తీసేసేదా? పని మానేస్తే దానికి తిరగడం మానేస్తుందని ఏ డాక్టరు చెప్పినాడు మీకు?”

“డాక్టర్ల మాట ఎత్తొద్దు నా దగ్గర! ఇన్నాళ్ళూ వాళ్ళు పొడిచిందేమి?”

“మీరు చూసింది ఏముండాది? వచ్చిపోయినాక వచ్చి, బాగుండాదే అని పోయేవాళ్ళు మీరు!”

“అమ్మా...”

గది గుమ్మంలో రూపశ్రీ. ఒక చెయ్యి గోడ మీద ఉంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

“అరవొద్దండి. వస్తా ఉండాది.”

“సూడు!” అన్నాడు ధనశేఖర్. “సరిగ్గా మనం మాట్లాడేటప్పుడే...”

పిల్ల చెయ్యి గోడ మీంచి జారింది. అద్దాలు కింద పడ్డాయి. లోకేశ్వరి ఉరికి పోయి నడుము పట్టుకుని నేల మీద కూర్చోబెట్టింది. అలవాటు కొద్దీ ఆ తలను గుండెకు అదుముకోబోయి ఆగింది. డాక్టరు అడిగింది కళ్ళు. రెండు చేతులా పట్టుకోకపోతే పిల్ల పక్కకు వాలిపోతోంది.

“ఫోన్ తియ్యండి,” అంది భర్తతో. “వీడియో. దాని కండ్లు తియ్యండి, దగ్గరగా.”

“ఇప్పుడు వీడియో ఏందే?”

“తియ్యండి!”

అతను చేతిలోని ఫోన్ పైకెత్తి విసుగ్గానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “కండ్లు తెరువు రూపా. నాయన దిక్కు సూడు.”

పిల్ల తెరిచింది.

నల్లగుడ్లు రెండూ కలిసి మెల్లగా ఒక పక్కకు జారుతున్నాయి. జారి, ఉన్నట్టుండి టక్కున వెనక్కి ఎగురుతున్నాయి. మళ్ళీ జారుతున్నాయి. మళ్ళీ ఎగురుతున్నాయి. ఏ పిల్లా కావాలని చేయగల పని కాదది.

ధనశేఖర్ ఫోన్‌ను ఇంకా దగ్గరికి తెచ్చాడు.

“రూపా... అట్ల చెయ్యొద్దమ్మా. ఆపు.”

“ఆపలేను నాయనా,” అంది రూపశ్రీ. పలకకూడదని తెలిసీ పలికింది. వెంటనే వాంతి చేసుకుంది.

“రూపా! ఏమవతా ఉండాదే! లోకా, ఆటో పిలుద్దామా? రూపా!”

“నోరు మూసుకోరా.”

వసంతమ్మ వంటింట్లోంచి వచ్చింది. నీళ్ళోడుతున్న గుడ్డ చేతిలో ఉంది. ట్యూబులైటు ఆపింది. వీధి వైపు కిటికీ మూసింది. పిల్ల పక్కన చతికిలబడి, గుడ్డను నుదుటి మీద కాక మెడ వెనక వేసి మెల్లగా ఒత్తింది.

“గట్టిగా మాట్లాడొద్దండి ఎవురూ. నువ్వు పలికే ప్రతి మాటా దాని తలలో సమ్మెట పెట్టి కొట్టినట్టు ఉంటాది. పడుకోబెట్టొద్దు లోకేశ్వరీ, ఇట్లే కూసోబెట్టి పట్టుకో. పడుకుంటే ఇంకా తిరగతాది.”

“నీకెట్ల తెలుసమ్మా?” అడిగాడు ధనశేఖర్, గుసగుసగా.

వసంతమ్మ చెయ్యి మనవరాలి మెడ మీద ఆగింది. మళ్ళీ కదిలింది. లోకేశ్వరి ఆమె తరపున జవాబు చెప్పలేదు.

కాసేపటికి పిల్ల ఊపిరి నెమ్మదించింది. అవ్వ భుజం మీదే నిద్రలోకి జారిపోయింది. ఇద్దరూ కలిసి ఆమెను గదిలోకి చేర్చారు. వసంతమ్మ అక్కడే, తలుపు దగ్గరికి వేసుకుని ఉండిపోయింది.

లోకేశ్వరి నేల తుడిచి లేచేసరికి ధనశేఖర్ ఇంకా అక్కడే మోకాళ్ళ మీద ఉన్నాడు. వీడియో మళ్ళీ చూస్తున్నాడు. శబ్దం పూర్తిగా తగ్గించేశాడు.

“ప్రతిసారీ ఇట్లేనా?”

“నాకూ తెలీదు,” అంది. అబద్ధం చెప్పాలనిపించలేదు. “నేను ఎప్పుడూ దాని కండ్లలోకి చూడలేదు. గట్టిగా పట్టుకునేదాన్ని, అంతే.”

ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అన్న మాటల్లో ఏ ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదని ఆమెకు తెలుసు. తీసుకుంటాడని ఎదురుచూసే ఓపికా ఆమెలో లేదు. వీడియో డాక్టరుకు పంపమంది. పంపాడు.

ఫోన్ అతని చేతిలోనే మోగింది. తెర మీద పేరు చూసి ధనశేఖర్ దాన్ని ఆమె వైపు చాచాడు. సునీల్‌కుమార్.

లోకేశ్వరి తీసుకోలేదు.

“మీరే మాట్లాడండి.”

“నీ కోసమే కదా చేసేది.”

“నాకు చెయ్యలేదు. మీ ఫోన్‌కు చేసినాడు. మీతోనే కదా మాట్లాడినాడు.”

ఇంకో రెండు సార్లు మోగనిచ్చి అతను ఎత్తాడు. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో అవతలి గొంతు ఆమెకూ వినబడుతోంది. “ధనశేఖర్ గారూ, రేపటి షిఫ్టుకు ఆమె స్థానంలో వేరే అమ్మాయిని వేసేస్తా ఉండాము. అయిదు నిమిషాల్లో పేరు పంపించాలి. మీరు పొద్దున చెప్పిందే ఖాయం కదా?”

ధనశేఖర్ భార్య ముఖం చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు.

“సార్,” అన్నాడతను. గొంతు సవరించుకున్నాడు. “పొద్దున నేను చెప్పిన మాట...”

ఆ తర్వాతి మాట కోసం అవతల సునీల్‌కుమార్, ఇవతల లోకేశ్వరి, ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.